బోనులో బస్సు కథ

నిన్న శ్రీకాకుళం కోర్టులో ఏం జరిగిందో వింటే చేతిలో గ్లాసు జారిపోతుంది, ముందు టీ తాగేయండి. గెలిచే కేసు! మా ప్లీడరు జోగన్నయ్య 'కళ్ళు మూసుకుని గెలిచేస్తాం' అన్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను కూడా. నోరు మూసుకోవడమే మర్చిపోయాను!

మేష్టారి భార్య మన వీధికి కొత్త కదా, ఆవిడ కోసం మొదటినుంచీ చెబుతాను. మిగతావాళ్ళు కాస్త ఓపిక పట్టండి. నేను హరికథ చెబుతానమ్మా. మా పుట్టింటివాళ్ళు తరతరాలుగా శ్రీకూర్మం గుళ్ళో ఇదే సేవ చేస్తున్నారు. కాలికి గజ్జె, చేతిలో చిడతలు, మెడలో దండ. నిలబడి పాడాలి, చెప్పాలి, తాళానికి అడుగు వెయ్యాలి. నా వెనక మృదంగం మా వారు. ఇంట్లో ఆయన నోటితో మాట్లాడేది తక్కువ, చేతులతో మాట్లాడేది ఎక్కువ. కూర నచ్చితే కంచం మీద రెండు దెబ్బలు వేస్తారు, అంతే.

కిందటి దీపావళి వెళ్ళగానే గరివిడి ఫ్యాక్టరీ కాలనీలో కథ ఒప్పుకుని ఇద్దరం బస్సెక్కాం. ప్రైవేటు బస్సు. పేరు చెప్పను, ఓనరు పాపం మంచివాడే. డ్రైవరు అప్పన్న కూడా మంచివాడే గానీ మాటల పిచ్చి. వెనక సీట్లో ఎవరో ఎద్దుల బేరం మొదలుపెట్టారు. అప్పన్నకి ఎద్దులంటే ప్రాణం. "ఏ సంతలో కొన్నావు మావా? పళ్ళు సూసినావేటి?" అంటూ తల పూర్తిగా వెనక్కి తిప్పేశాడు. చేతులు స్టీరింగు మీద, మనసు ఎద్దుల మీద! ఎదురుగా మలుపు. "ఒరే అప్పన్నా!" అని అందరం అరిచేలోపు బస్సు రోడ్డు దిగి, గట్టు దాటి, కోతకొచ్చిన వరిచేలో ఓ పక్కకి ఒరిగిపోయింది.

ఎవరి ప్రాణమూ పోలేదు. ఓ ముసలమ్మ గంపలోని కోళ్ళు బస్సంతా ఎగిరాయి. మా వారు మృదంగాన్ని ఒళ్ళో పొదివి పట్టుకుని క్షేమంగా ఉన్నారు. పక్కనున్న భార్యని పట్టుకోలేదు, గమనించండి, మృదంగాన్ని! నా కుడికాలు సీటు కింద ఇరుక్కుని చీలమండ దగ్గర పుటుక్కుమంది.

గట్టు మీద కూర్చుని పళ్ళు బిగబట్టుకుని ఉంటే హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు. "దెబ్బలేటైనా తగిలాయేటమ్మా?" అన్నాడు. మన అలవాటు మీకు తెలిసిందే కదా. ఎవరైనా పలకరిస్తే ఉన్న బాధ చెప్పుకోం, తథాస్తు దేవతలుంటారని భయం. "కూర్మనాథుడి దయ, ఏం కాలేదు నాయనా" అన్నాను. ఆయన అక్షరం పొల్లుపోకుండా అదే రాసుకున్నాడు!

ఆ తర్వాత చేసిన ఘనకార్యం, ఆస్పత్రికి పోకుండా పక్క ఊళ్ళో కట్టు కట్టేవాడి దగ్గరికి పోవడం. పసరు పోసి, వెదురు బద్దలు పెట్టి బిగించి, "బేగి పరుగెడతావు తల్లీ" అన్నాడు. పరుగు మాట దేవుడెరుగు, కాలు గుమ్మడికాయలా వాచింది. అప్పుడు పెద్దాసుపత్రి, ఎక్సరే, ఎముక చిట్లిందన్న కబురు, పిండికట్టు. డాక్టరు ఎక్సరే వెలుతురులోకి పెట్టి చూస్తూ, "ఇకమీద ఈ కాలితో గంతులు వెయ్యకండమ్మా" అన్నాడు.

గంతులట! కూర్చుని చెబితే పురాణం, నిలబడి చెబితే ఉపన్యాసం, గజ్జె మోగితేనే హరికథ. అడుగు లేకపోతే నేనేం కథకురాలిని?

కార్తీకమాసం కథలన్నీ పోయాయి. డోలోత్సవం కూడా నేను లేకుండానే జరిగిపోయింది. నేను అరుగు మీద కూర్చుని మైకులో వేరేవాళ్ళ గొంతు విన్నాను. పిండికట్టు విప్పేశాక కూడా భయం పోలేదు. చేతికర్ర లేకుండా గుమ్మం దాటేదాన్ని కాదు. గజ్జెలు ట్రంకుపెట్టె అడుక్కి పోయాయి. మా వారు సాయంత్రం మృదంగం ముందు కూర్చుని ఒక దరువు వేసి, నా వైపు చూసి, ఆపేసేవారు. నాకు ఏడుపొచ్చేది. ఆ ఏడుపు కోపమై మళ్ళీ ఆయన మీదే పడేది.

అసలు కేసు మాట ఎత్తింది జోగన్నయ్య. మా పెద్దమ్మ కొడుకు, శ్రీకాకుళంలో ప్లీడరు. కాలికి దెబ్బ తగిలిన కొత్తలో చూడ్డానికొచ్చి నన్నే కేకలేశాడు.

"ఏటే సీతా, ఇలగ కూకుంటే ఎలగ? డ్రైవరు తప్పు వల్ల దెబ్బ తగిలితే ఓనరు ఇచ్చుకోవాల. ఓనరు తరఫున ఇన్సూరెన్సోడు ఇచ్చుకోవాల. దానికో సట్టం ఉన్నాది. జిల్లా జడ్జీగారే ఇంటారు. కానీ రెండు నెలల్లోపల దరఖాస్తు పడిపోవాల. గడువు దాటిందా, ఇంక ఆ కూర్మనాథుడొచ్చినా లాభం నేదు!"

"ఓనరు మొన్న బత్తాయిలు పట్టుకొచ్చి చూసి వెళ్ళాడన్నయ్యా. అలాంటి మనిషి మీద కేసా?"

"బత్తాయిలూ తిను, కేసూ ఎయ్యి. దానికీ దీనికీ సంబంధం నేదు."

అంతవరకూ బాగానే ఉంది. తర్వాత అడిగాడు చూడండి ప్రశ్నలు! పోలీసు కాగితం నకలు తెచ్చుకున్నావా? డాక్టరు సర్టిఫికెట్టేదీ? మందుల బిల్లులు దాచావా? ఏదీ లేదు. మందుల బిల్లులో పోపుగింజలు పొట్లం కట్టుకున్నాను. పోలీసులతో ఏం చెప్పావని అడిగితే 'ఏం కాలేదన్నాను' అన్నాను. జోగన్నయ్య నుదురు ఠపీమని కొట్టుకున్నాడు.

"ఒసే, నీ మర్యాద తగలెయ్య! కాలు ఇరిగిపోయి గట్టు మీద కూకుని ఏటీ కానేదని సెప్పినావా? సరే, ఆదాయానికి రుజువేటున్నాది?"

"కథయ్యాక పళ్ళెం తిప్పుతాం కదా అన్నయ్యా. అందులో వేసినవాళ్ళని రసీదు అడుగుతామా?"

"మరి జడ్జీగారికి ఏటి సూపిస్తావే?"

ట్రంకుపెట్టె తెరిచి శాలువలు చూపించాను. ఆయన ఒక్కొక్కటీ విప్పి, చిమ్మెటలు కొట్టినవి పక్కన పడేసి, బాగున్నవి కోర్టుకి పట్టుకుపోయాడు. పాత ఆహ్వాన పత్రికలు కూడా దొరికినన్ని పట్టుకుపోయాడు. పాపం ఆస్పత్రి చుట్టూ, పోలీస్ స్టేషను చుట్టూ తనే తిరిగి కాగితాలన్నీ సంపాదించాడు. గడువులో దరఖాస్తు వేశాడు. కేసుకి ప్రాణం ఒకే ఒక్క మాట, 'ఈమె ఇకమీద నిలబడి హరికథ చెప్పలేదు' అని. మిగతావన్నీ చిల్లర.

మొన్న సాయంత్రం నాకు పాఠం చెప్పాడు. "అవునంటే అవును, కాదంటే కాదు. కుర్చీ ఏయిస్తాను, కూకునే సెప్పు. కర్ర సేతిలోంచి ఒదలకు. అన్నిటికన్నా ముఖ్యం, నువ్వు కథ సెప్పకు!"

"నాకేమైనా పిచ్చా అన్నయ్యా?" అన్నాను. అన్నానా? అన్నాను.

ఇక నిన్నటి సంగతి. ఎండ మండిపోతోంది, కోర్టు నిండా జనం. జడ్జీగారు కళ్ళజోడు పెట్టుకుని నెమ్మదిగా ఉన్నారు. ఓ పక్క బస్సు ఓనరు, ఆయన వెనక తల వంచుకుని అప్పన్న. మా వారు వెనక బెంచీ మీద, ఎప్పట్లాగే నోరు విప్పకుండా. నేను కర్ర పట్టుకుని కుంటుకుంటూ వెళ్ళి బోనులో కుర్చీలో కూర్చున్నాను. జోగన్నయ్య అడిగినవాటికి అవును, కాదు, అవును. ఆయన ముఖం వెలిగిపోతోంది!

అప్పుడు లేచాడు ఇన్సూరెన్సు వాళ్ళ ప్లీడరు. విశాఖపట్నం మనిషి, తెల్లగా, సన్నగా, మాట తేనె.

"అమ్మా, ఏం కాలేదని పోలీసులకి చెప్పారా లేదా?"

"చెప్పాను. మీరు మా ఇంటికొచ్చి ఎలా ఉన్నారమ్మా అంటే మీకూ అదే చెబుతాను. అది మర్యాద."

జడ్జీగారు నవ్వారు. జోగన్నయ్య కళ్ళతోనే శభాష్ అన్నాడు. అక్కడితో ఆగిపోయినా బాగుండేది.

"డ్రైవరు తల వెనక్కి తిప్పాడని దరఖాస్తులో రాశారు. కోళ్ళంటున్నారు, ఎద్దులంటున్నారు. మీది కథలల్లే వృత్తి కదమ్మా. ఇదీ అలా అల్లిన కట్టుకథే అంటాను, కాదంటారా?"

కట్టుకథా! మా తాతల నుంచీ ఆ స్వామి ఎదట నిలబడి చెబుతున్నది కట్టుకథా? నా చెవుల్లో వేడి ఆవిర్లు వచ్చాయి. జోగన్నయ్య 'కాదు అని సెప్పి ఊరుకో' అని సైగ చేస్తూనే ఉన్నాడు. నాకు కనబడుతూనే ఉంది. కానీ కోపం వస్తే నాకు కనబడినవి ఏవీ పనిచెయ్యవు.

"కట్టుకథో కాదో మీరే వినండి బాబూ" అని లేచి నిలబడ్డాను.

నిజం చెబుతున్నాను, మొదట మామూలుగానే చెప్పాను. బస్సెక్కాం, కూర్చున్నాం, బస్సు కదిలింది. ఆ 'కదిలింది' దగ్గర గొంతు దానంతటదే రాగంలోకి వెళ్ళిపోయింది!

"కదిలెనే కదిలెనే, కనకరథము కాదిది
కడుపు నిండ జనమున్న కర్రచెక్క బండిది!"

అని ఒక్క క్షణం ఆపాను. కథలో అలా ఆపితే వెనకనుంచి దరువు పడాలి. పడింది! కోర్టు బెంచీ మీద, ఖంగుమని! మా వారు! ఆ బెంచీ ఏ చెక్కతో చేశారో గానీ నాదం అద్భుతం. ఇంక నన్ను ఆపేదెవరు?

ముసలమ్మనయ్యాను. "ఒలమ్మ, నా కోళ్ళు, నా కోళ్ళు!" కోడినయ్యాను. కండక్టరునయ్యాను. "ఎనక్కి ఎల్లండి, ఎనక్కి ఎల్లండి, ఎనకాల కాళీ ఉన్నాది!" జనం నవ్వులే నవ్వులు. అప్పుడు వచనం అందుకున్నాను. "అంతట ఆ సారథి ఏం చేసినాడయ్యా అంటే... తల వెనక్కి! బండి ముందుకి!" అని స్టీరింగు పట్టుకున్నట్టు పట్టి తల గిర్రున తిప్పాను. అప్పన్న ఉండబట్టలేక లేచిపోయాడు. "బాబూ, నిజమే బాబూ! అచ్చం అలగే తిప్పినాను!" అని చేతులు జోడించేశాడు. ఓనరు వాణ్ణి చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు.

బస్సు గట్టు దాటింది, ఒరిగింది, నేను కథ ముగించే ముక్తాయింపు కొట్టి, అలవాటు ప్రకారం చేతులెత్తి, "శ్రీమద్రమారమణ గోవిందో..." అన్నాను.

"హరి!" అంది కోర్టు.

కోర్టంతా! తలుపు దగ్గర బంట్రోతు అందరికన్నా గట్టిగా అన్నాడు. గుమాస్తాలన్నారు. ఎదుటి ప్లీడరు అన్నాడు. జడ్జీగారు కూడా అన్నారు, నా చెవులారా విన్నాను! అన్నాక పెద్దగా దగ్గి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

అప్పుడు కిందికి చూశాను. కర్ర అల్లంత దూరంలో పడి ఉంది. కుర్చీ తిరగబడి ఉంది. నేను కుడికాలి మీద నిలబడి ఉన్నాను. ముక్తాయింపు దబదబా కొట్టింది కూడా ఆ కాలితోనే!

ఎదుటి ప్లీడరు వంగి నమస్కారం చేశాడు. "యువరానర్, నేనింక ఏమీ అడగను. ఇంతకన్నా నాకు కావలసింది లేదు."

సరిగ్గా అప్పుడొచ్చింది నొప్పి, భోజనాలయ్యాక వచ్చిన చుట్టంలా! చీలమండలో నిప్పు పెట్టినట్టైంది. "అమ్మో" అని నేల మీద కూలబడ్డాను. నిజమైన నొప్పి, నిజమైన ఏడుపు. వెనకనుంచి ఎవరో అంటున్నారు, "ఆహా, ఏటి అభినయమో!"

జడ్జీగారు తీర్పు మధ్యాహ్నమే చెప్పేశారు. నన్ను లేవద్దని కుర్చీ వేయించారు.

"అమ్మా, మీ కాలు ఆడడం నేను చూశాను. తర్వాత వాచడమూ చూశాను. డ్రైవరు తప్పు గురించి నాకు సందేహం లేదు, అతనే ఒప్పుకున్నాడు. వైద్యం ఖర్చులు, కథలు చెప్పలేకపోయిన నెలల నష్టం ఇప్పిస్తున్నాను. ఇక జన్మలో కథ చెప్పలేరన్న మాట మాత్రం కొట్టేస్తున్నాను. ఆ మాట అబద్ధమనడానికి ఈ కోర్టే సాక్షి."

బయటికి రాగానే జోగన్నయ్య నల్లకోటు విప్పి నేలకి కొట్టాడు. "కేసంతా ఆ ఒక్క మాట మీదే కట్టానే! సిల్లర మిగిలింది, నోటు ఎగిరిపోనాది! కథ సెప్పకని నీకు సిలక్కి సెప్పినట్టు సెప్పాను కదే!"

నాకు ఏం చెప్పాలో తోచలేదు. తోచనప్పుడు నేనెవరి మీద పడతానో మీకు తెలుసు కదా. మా వారి వైపు తిరిగాను. "అంతా మీ వల్లే! కోర్టులో బెంచీ మీద దరువెయ్యమని మీకెవరు చెప్పారు?"

ఆయన కళ్ళనిండా నీళ్ళు. ఆయన ఏడవగా నేనెప్పుడూ చూడలేదు. భయపడిపోయాను.

"నువ్వు ఆపినావు. నువ్వు ఆపితే నా సెయ్యి ఊరుకుంటాదేటి?" అన్నారు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నారు, నడిరోడ్డు మీద, అందరూ చూస్తుండగా. "కాలు పడిందే సీతా! తాళం మీద పడింది. ఒక్క అడుగు కూడా తప్పు పోనేదు!"

అప్పటిదాకా నాకు తట్టనే లేదు! ఇన్నాళ్ళూ గోడలు పట్టుకుని తిరిగిన నేను, గజ్జెలు పెట్టె అడుగున పడేసిన నేను, ఇంక అయిపోయిందనుకున్న నేను, ఆ కాలితోనే కథ చెప్పాను. నొప్పి పుట్టనీ, వాచనీ, అడుగైతే పడింది కదా! పోయిన కేసు తలుచుకుంటే ఏడుపు, వచ్చిన కాలు తలుచుకుంటే ఇంకా పెద్ద ఏడుపు. కాలు బాగుపడిందని గుండెలు బాదుకున్న మనిషిని ఆ కోర్టు గేటు దగ్గర నన్నొక్కదాన్నే చూసి ఉంటారు. జోగన్నయ్య కోటు దులుపుకుని, ముగ్గురికీ సోడా తెప్పించాడు.

ఇంటికి వద్దామని బస్టాండుకి వస్తే శ్రీకూర్మం బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. స్టీరింగు దగ్గర ఎవరు? అప్పన్న! నేను వెనకడుగు వేశాను. వాడు దూకి వచ్చి కాళ్ళ మీద పడినంత పని చేశాడు.

"అమ్మా, తప్పయిపోనాది. ముందు సీటు మీకే అట్టిపెట్టినాను. ఎద్దుల మాట ఎత్తితే ఒట్టు!"

సరే అని ఎక్కాం. కోర్టు దగ్గర జనం సగం ఆ బస్సులోనే ఉన్నారు. ఊరు దాటామో లేదో మొదలుపెట్టారు. "అమ్మా, ఆ బస్సు కథ మరోపాలి సెప్పమ్మా. మా ఇంటిది ఇన్నేదు." "రుక్మిణీ కల్యాణాలు ఎప్పుడూ ఉన్నవే, బస్సు కథ సెప్పండి!" నేను వద్దంటే వద్దన్నాను. మా వారు సీటు వెనక రేకు మీద వేళ్ళు పెట్టారు. అంతే, నా గొంతు లేచింది. కదిలెనే కదిలెనే! బస్సంతా తాళం. నేను రెట్టించిన ఉత్సాహంతో వచనం అందుకుని, "అంతట ఆ సారథి ఏం చేసినాడయ్యా అంటే..." అని ఆపి, ముందుకి చూశాను.

అప్పన్న కథ వింటున్నాడు. నోరు తెరుచుకుని, తన్మయత్వంతో, తల పూర్తిగా నా వైపు తిప్పి!

"ఒరే! రోడ్డు సూడరా నాయనా!" అని నేను పెట్టిన కేకకి బ్రేకు పడింది. ముందు చక్రం గట్టు అంచున ఆగింది. కింద కాలవ. అప్పుడు నాకు జోగన్నయ్య మొదట్లో చెప్పిన చట్టం గుర్తొచ్చింది. ఎవరి తప్పు వల్ల దెబ్బ తగిలితే వాళ్ళే ఇచ్చుకోవాలి కదా. ఈసారి డ్రైవరు తల తిప్పించింది ఎవరు? నేనే! అంటే ఆ బస్సు కాలవలో పడి ఉంటే రెండు నెలల్లోపల దరఖాస్తు వెయ్యాల్సిందీ నేనే, ఎవరి మీదయ్యా అంటే నా మీదే!